ఆటవిడుపు నుండి ఆదివారం వరకు

తెలుగులో కొన్ని మాటలు పూర్వుల జీవితాన్ని తమలో పదిలంగా దాచుకొని ఉంటవి. 'ఆటవిడుపు' అటువంటి మాట. ఇప్పుడు మనం 'సెలవు' అంటున్నాము. సెలవు అనగా పైవారు అనుగ్రహించి ఇచ్చేది. ఆటవిడుపు అటువంటిది కాదు. బడిపిల్లలను ఎందుకు విడిచిపెట్టినారో ఆ మాటే చెప్పుచున్నది. ఆటకొరకు విడిచినారు. విడిచిన పిల్లవాడు ఏమి చేయవలెనన్న ప్రశ్నకు సమాధానం ఆ పేరులోనే ఉన్నది. ఆ పేరు మారి, ఆ దినం మారి, ఆ దినాన విద్యార్థి చేసే పని మారిన కథనే ఇక్కడ సంగ్రహంగా చెప్పదలచినాము.

పూర్వపు వీధిబడికి వారంతో సంబంధం లేదు. తిథితోనే సంబంధం. పూర్ణిమ, అమావాస్య, పాడ్యమి, అష్టమి, చతుర్దశి అనధ్యయన దినాలు. అమావాస్యనాడు చదివితే గురువునకు, చతుర్దశినాడు చదివితే శిష్యునకు, అష్టమీ పూర్ణిమలలో చదివితే వేదమునకే చేటని మనుధర్మశాస్త్రం నాల్గవ అధ్యాయంలో ఉన్నది. ఈ నియమం వేదాధ్యయనమునకు చెప్పినదే. అయినను ఓనమాలు దిద్దించే వీధిబడి పంతులుగారు సైతం ఈ తిథులలో కొన్నింటిని పాటించేవారు. ఊరికి కూడా ఇది అనుకూలంగా ఉండేది. అమావాస్యనాడు రైతు అరక కట్టడు. బడిపిల్లవాడు పలక పట్టడు. ఊరికీ బడికీ పంచాంగం ఒక్కటే.

ఆ బడి ఎట్లుండెనో తెలుసుకొనుటకు మనకొక మంచి ఆధారం దొరకినది. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, జిల్లాలలో దేశీయ విద్య ఏ స్థితిలో ఉన్నదో విచారించి తెలుపవలసినదిగా కలెక్టర్లను ఆదేశించినాడు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో వివరమైన నివేదిక పంపినాడు. నేటి అనంతపురం సీమ నాడు బళ్ళారి జిల్లాలోనిదే. ఆ జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. చదువుకొనే పిల్లలు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే.

కాంబెల్ వ్రాసినదానిలో ఒక చిన్న సంగతి నేటికీ మనస్సునకు తగులుతుంది. తెల్లవారి 6 గంటలకు బడి ప్రారంభమయ్యేది. అందరికన్న ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న చుట్టేవారు. వానికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాల్గవవానికి రెండు దెబ్బలు, ఆ వెనుక వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. ఇటువంటి బడిలో కూర్చున్న పిల్లవానికి పూర్ణిమ ఎంత దీర్ఘంగా ఎదురుచూడదగిన పండుగయో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ దినం చెడుగుడు, కోతికొమ్మచ్చి, బిళ్ళంగోడు, చెరువులో ఈతలు. వీటిని ఏ పంతులూ నేర్పలేదు. పెద్దపిల్లలను చూచి చిన్నపిల్లలు నేర్చుకొన్నారు.

బడి స్వయంగా నడిపించిన వేడుక ఒక్కటి ఉండేది. అది దసరా. రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకొని పిల్లలు పంతులుగారి వెంట ఇంటింటికీ వెళ్ళి పద్యాలు చదివేవారు. గృహస్థులు పిల్లలకు పప్పుబెల్లాలు, పంతులుగారికి సంభావన ఇచ్చేవారు. పిల్లలకు ఇది వినోదం. పంతులుగారికి జీవనోపాధిలో ఒక భాగం. విద్యార్థుల చదువును ఊరు కళ్ళారా చూచే వార్షికోత్సవం కూడా ఇదియే.

పందొమ్మిదవ శతాబ్దంలో హైస్కూలు వచ్చినది. దానివెంట గడియారం వచ్చినది, గంట వచ్చినది, ఆదివారం వచ్చినది. ఇంగ్లీషువారి కచేరీలకూ, మిషనరీల పాఠశాలలకూ ఆదివారం విశ్రాంతి దినం. మచిలీపట్నంలో రాబర్టు నోబుల్ 1843లో పాఠశాల స్థాపించినాడు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి, మెట్రిక్యులేషను పరీక్ష ఉద్యోగానికి తొలిమెట్టయినది. అప్పటినుండి విద్యార్థి కాలాన్ని పంచాంగం కాక కచేరీ క్యాలెండరు నిర్ణయించసాగినది. నిజాం రాజ్యంలో మాత్రం వారపు సెలవు శుక్రవారం. కనుక హైదరాబాదు విద్యార్థి శుక్రవారం ఆడుకొనగా, బెజవాడ విద్యార్థి ఆదివారం ఆడుకొనేవాడు.

అయితే ఆదివారం అందరికీ ఒక్కసారిగా అందలేదు. కచేరీ గుమాస్తాకు దొరికిన విశ్రాంతి మిల్లుకూలీకి దొరకలేదు. బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే అనే కార్మిక నాయకుడు సంవత్సరాల తరబడి ఆందోళన చేయగా, 1890 జూన్ 10వ తేదీన మిల్లు యజమానులు వారానికొక దినం సెలవు ఇచ్చుటకు అంగీకరించినారు. ఈనాడు మన పిల్లలు సహజమనుకొనే ఆదివారం వెనుక ఇటువంటి పోరాటం ఉన్నదని మరువరాదు.

క్రొత్త హైస్కూలు పిల్లలకు పుస్తకం ఇచ్చినది. ఆట ఇచ్చుటకు చాలకాలం పట్టినది. మొదట కదిలినవారు ఉపాధ్యాయులే. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1880లో తమ 'వ్యవహార ధర్మబోధిని'ని విద్యార్థులచేత ప్రదర్శింపజేసినారు. తెలుగు నాటకరంగ చరిత్ర ఈ ప్రదర్శనతో ఆరంభమైనదని చెప్పుచుందురు. అంటే మన ఆధునిక రంగస్థలం పాఠశాల నీడలోనే పుట్టినదన్నమాట. తరువాత 1920లో హారీ క్రో బక్ అనే అమెరికను మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ శిక్షణ కళాశాల నెలకొల్పినాడు. మన హైస్కూళ్ళలో ఈల మెడలో వేసుకొని నిలిచిన డ్రిల్లు మాస్టర్లు ఎందరో ఆ కళాశాలలో తయారైనవారే.

స్కౌటు ఉద్యమ చరిత్ర మరింత ఆసక్తికరమైనది. బేడెన్ పవెల్ 1907లో బ్రౌన్‌సీ ద్వీపంలో 20 మంది బాలురతో మొదటి శిబిరం నడిపినాడు. రెండేండ్లలో, 1909లో, ఈ ఉద్యమం భారతదేశానికి వచ్చినది. కాని ఐరోపా, ఆంగ్లో ఇండియను బాలురకే ప్రవేశం. మన బాలురకు ముడివేయుట, దారి గుర్తించుట, గుడారం వేయుట నేర్పితే ఆ విద్య ఎక్కడికి దారితీయునో అన్న శంక ప్రభుత్వానికి లేకపోలేదు. అప్పుడు అనీబిసెంటు, అరండేలు మద్రాసులో భారతీయ బాలుర కొరకు వేరొక స్కౌటు సంఘం స్థాపించినారు. ఉత్తరాన మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ వాజపేయి 1918లో సేవాసమితి స్కౌటు సంఘం ఏర్పరచినారు. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లలను వెదకుట, వరదలలో సాయపడుట ఈ బాలుర వంతు అయినది. 1921లో బేడెన్ పవెల్ స్వయంగా వచ్చినప్పుడు బిసెంటు సంఘం ప్రధాన సంఘంలో కలిసినది, సేవాసమితి కలియలేదు. చివరకు స్వతంత్ర భారతంలో 1950 నవంబరు 7వ తేదీన అన్నీ ఏకమై భారత్ స్కౌట్స్ అయినది. మరుసటి సంవత్సరం గైడ్లు, అనగా బాలికలు, అందులో చేరినారు. శని ఆదివారాలలో పిల్లలు ఆడుకొనే ఆటకు కూడా స్వరాజ్యం కావలసివచ్చినదన్నమాట.

విద్యార్థుల వినోదం దేశచరిత్రను తాకిన సందర్భం ఒకటి మన తెలుగునేలమీదనే జరిగినది. మదనపల్లెలో బిసెంటు దివ్యజ్ఞాన కళాశాల ఉన్నది. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ కాలంలో అక్కడ ప్రతి బుధవారం రాత్రి విద్యార్థులూ ఉపాధ్యాయులూ కూడి పాటలు పాడుకొనేవారు. 1919 ఫిబ్రవరిలో అతిథిగా వచ్చిన రవీంద్రనాథ ఠాగూరు ఆ కూడికలో 'జనగణమన' వినిపించినారు. పాశ్చాత్య సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం వ్రాసినారు. మదనపల్లెలోనే కవి ఆ గీతాన్ని ఇంగ్లీషులోనికి అనువదించినారు. పరీక్షకు పనికిరాని ఒక సాయంకాలపు పాటల కూడిక ఇంత పనికి వచ్చినది.

హైదరాబాదు విషయం చెప్పక విడువరాదు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. నగరంలోని పాఠశాలలలో చదువు చెప్పినవారు. ఫుట్‌బాల్ ఆటలో వారి శిక్షణ క్రింద భారత జట్టు 1951, 1962 సంవత్సరాలలో ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందినది. నాటి భారత జట్టులో హైదరాబాదు యువకులు పలువురు ఉండేవారు. వారు మొదట పెరిగినది గొప్ప స్టేడియములలో కాదు, బడి మైదానాలలో, వీధి చివరి ఖాళీ స్థలాలలో.

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం ఈ విషయాన్ని చేపట్టినది. కుంజ్రూ అధ్యక్షతన ఏర్పడిన సంఘం సూచనననుసరించి 1948లో ఎన్.సి.సి. చట్టం వచ్చినది. సేవాసమితి స్కౌట్లను తీర్చిన చేతులే ఇక్కడా పనిచేసినవి. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతను 1952లో నియమింపబడిన మాధ్యమిక విద్యా సంఘం మరుసటి యేడు నివేదిక సమర్పించినది. వారానికి 6 దినాలు బడి నడువవలెననీ, అందులో ఒకటి సగందినం మాత్రమే ఉండి, ఆ పూట ఉపాధ్యాయులూ విద్యార్థులూ చనువుగా కలసి ఆటపాటలూ సంఘసేవా చేయవలెననీ సూచించినది. ఆటను చదువుకు అడ్డుగా కాక చదువులో భాగంగా ఎంచిన దృష్టి ఇది.

మా వృత్తికి సంబంధించిన పాత్ర కూడా కొంత ఉన్నది. 1938లో మద్రాసు రేడియో కేంద్రం ప్రారంభమైన తరువాత, న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలకు రేడియో అన్నయ్య, అక్కయ్య అయినారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించి, 1945లో 'బాల' పత్రిక వెలువరించినారు. పెద్దలు పిల్లలకొరకు పాడుట కాక, పిల్లలచేతనే పాడించుట వారి పద్ధతి.

ఇక నేటి సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండవలెనని విధించినది. 2020 జాతీయ విద్యావిధానం ఆటపాటలకూ పాఠాలకూ నడుమ గోడ ఉండరాదన్నది. కాగితం మీద మొదలియారు సంఘం కోరినది నెరవేరినట్లే. కాని ఎన్ని ఇండ్లలో పదవ తరగతి పిల్లవానికి ఆదివారం నిజముగా ఆదివారం? ప్రత్యేక తరగతులు, వారాంతపు పరీక్షలు, ప్రవేశ పరీక్షల శిక్షణ ఆ దినాన్ని మెల్లమెల్లగా మ్రింగుచున్నవి. కఠినమైన ఆ వీధిబడి పంతులుగారు సైతం పూర్ణిమనాడు పిల్లవానిని పట్టి ఉంచలేదు. ఆయన బెత్తం కన్న తిథి బలమైనది. నేడు అటువంటి అడ్డు ఏదీ లేదు. అడ్డు కావలసినది తల్లిదండ్రులే.

కనుక రేడియో వినే గృహస్థులకు మా మనవి ఒక్కటే. వారంలో ఒక్క పూటయినను పిల్లవానిని ఏమి చదివినావని అడుగకుండా విడిచిపెట్టండి. ఆ పూటకు మన పూర్వులు పెట్టిన మంచి పేరు మన భాషలో ఇంకను నిలిచియే ఉన్నది.