పొందూరు నూలు

పొందూరు ఖద్దరు అనగానే మనవాళ్లు గాంధీగారిని తలుస్తారు, కొందరు నేతగాణ్ణి తలుస్తారు. నూలు వడికిన స్త్రీని తలిచేవారు అరుదు. నేనూ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మగ్గం దగ్గరే మొదలుపెట్టేవాణ్ణి.

ఆ శ్రీకాకుళం సీమలో కొండపత్తిని గింజతోనే పట్టుకొని, వాలుగ చేప దవడతో దువ్వేది ఆమె. ఆ పళ్లు ఎంత సన్నమంటే, దూదిలోని నలుసంతా వచ్చేస్తుంది. తర్వాత గింజ తీసి, చిన్న వింటితో ఏకి, ఏకులను ఎండిన అరటి డొప్పలో దాచుకొని, రాట్నం మీద 100వ నంబరు నూలు తీస్తుంది. ఇంతవరకు మగ్గం ఊసే లేదు!

1949లో అక్కడ ఖాదీ కార్మికుల సంఘం ఏర్పడింది. అయినా లోకం నోట అది "నేతపని". వడకడం ఆడవాళ్ల తీరికవేళ వ్యాపకమట. వ్యాపకానికి కూలి ఏ లెక్కన కడతారో వేరే చెప్పాలా?