హాకీ రక్తంలో ఉంటుందా?

రైల్వే ఊళ్ళతో పరిచయం ఉన్నవాళ్ళకి ఒక మాట బాగా తెలుసు. "హాకీ ఆంగ్లో ఇండియన్ల రక్తంలోనే ఉందండీ" అంటారు. ఖరగ్‌పూర్‌లో అంటారు, వాల్తేరులో అంటారు, బిలాస్‌పూర్‌లోనూ అంటారు. దానికి జంటగా ఇంకో మాట ఆ ఊళ్ళలోని మన తెలుగు ఇళ్ళలో వినిపిస్తుంది: "మనవాళ్ళకి ఆటలు అచ్చిరావు, బుద్ధిగా చదువుకుని రైల్వే పరీక్ష రాసుకోండి." మొదటిది పొగడ్త, రెండోది నిట్టూర్పు. పైకి వేరువేరుగా కనిపించినా రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. మనిషి ఏం చెయ్యగలడో అతని పుట్టుక నిర్ణయిస్తుందన్న నమ్మకం. జాతకాలు నమ్మం అని గట్టిగా చెప్పేవాళ్ళు కూడా ఈ మాట దగ్గరికి వచ్చేసరికి తలూపుతారు. కాబట్టి దీన్ని పరీక్షకి పెట్టి చూద్దాం. అందుకు బిలాస్‌పూర్ కన్నా మంచి చోటు లేదు.

లెస్లీ వాల్టర్ క్లాడియస్ 1927 మార్చి 25న బిలాస్‌పూర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టాడు. అక్కడి రైల్వే స్కూల్లో చదివాడు. 1948 లండన్, 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హాకీ స్వర్ణాలు గెలిచిన జట్లలో ఉన్నాడు. 1960 రోమ్‌లో కెప్టెన్‌గా రజతం తెచ్చాడు. మూడు స్వర్ణాలు, ఒక రజతం. ఒలింపిక్ హాకీలో మన దేశం తరఫున ఇన్ని పతకాలు సాధించిన వాళ్ళు ఇద్దరే ఇద్దరు. రెండో ఆయన సంగతి తరవాత చెప్తాను. మన పిల్లల్ని అడిగి చూడండి, ధ్యాన్‌చంద్ పేరు చెప్తారు. క్లాడియస్ పేరు చెప్పేవాడు పదిమందిలో ఒకడు దొరికితే గొప్ప.

ముందు ఆ ఊరి సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి ఛత్తీస్‌గఢ్ దాకా ఉన్న చిన్న లైన్‌ని తీసుకుని, బ్రాడ్ గేజ్‌గా మార్చి, బిలాస్‌పూర్ మీదుగా బెంగాల్ వైపు పొడిగించింది. బిలాస్‌పూర్ నుంచే కట్నీకి ఇంకో లైన్ వెళ్ళింది. అలా అదొక జంక్షన్ అయింది, జంక్షన్ చుట్టూ కాలనీ వెలిసింది. ఇదే కంపెనీ తూర్పు తీరం వెంట వాల్తేరు దాకా కూడా బళ్ళు నడిపేది. తరవాత విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కి లైన్ వేసింది. మన ఉత్తరాంధ్ర జనం పొట్ట చేతపట్టుకుని ఆ లైన్ల వెంటే ఛత్తీస్‌గఢ్ చేరారు. బిలాస్‌పూర్‌లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలావాటి కథ ఇదే. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి ఆ ఊరు ప్రధాన కేంద్రం అయింది.

ఆ పాత కంపెనీ కాలంలో ఉద్యోగాలు చర్మం రంగు చూసి పంచేవారు. పైన ఇంగ్లీషువాళ్ళు. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్ల స్థాయిలో ఎక్కువగా ఆంగ్లో ఇండియన్లు. కిందన కలాసీలు, గ్యాంగ్‌మన్లు, ఫైర్‌మన్లు, గుమాస్తాలు మనవాళ్ళు. క్వార్టర్లు వేరు, జీతాలు వేరు. కాలక్షేపానికి కట్టిన ఇన్‌స్టిట్యూట్లు కూడా యూరోపియన్లకి ఒకటి, ఇండియన్లకి ఒకటి అని రైల్వే ఊళ్ళలో విడివిడిగా ఉండేవి. మంచి మైదానం, కర్రలు, బూట్లు, ఆట నేర్పేవాళ్ళు, ఆడటానికి సాయంత్రం పూట తీరిక, ఇవన్నీ ఏ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఉండేవో నేను చెప్పక్కర్లేదు. పట్టాలకి ఇవతల పుట్టిన కలాసీ కొడుక్కి హాకీ "రాలేదు". పట్టాలకి అవతల పుట్టిన గార్డు కొడుక్కి "వచ్చింది". మధ్యలో రక్తం చేసిన పని ఏమిటో చెప్పగలరా?

చెప్పలేమనడానికి క్లాడియస్ జీవితమే సాక్ష్యం. ఆయన కుర్రతనంలో ఆడింది ఫుట్‌బాల్. 1946 ప్రాంతంలో ఖరగ్‌పూర్ వెళ్ళింది కూడా ఫుట్‌బాల్ పట్టుకునే. అక్కడ బి.ఎన్.ఆర్. హాకీ జట్టు పెద్ద పేరున్న జట్టు. 1932లో స్వర్ణం గెలిచిన డిక్కీ కార్, 1932, 1936 రెండింట్లోనూ ఆడిన కార్లైల్ టాప్‌సెల్, 1936లో ఆడిన జో గాలిబర్డీ అందరూ ఆ రైల్వే ఆటగాళ్ళే. ఒకరోజు మ్యాచ్‌కి ఒక ఆటగాడు తక్కువయ్యాడు. పక్కనే నిలబడ్డ క్లాడియస్‌ని ఆడమన్నాడు డిక్కీ కార్. ఆ తరవాత రెండేళ్ళకే ఆ కుర్రాడు లండన్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. పందొమ్మిదేళ్ళు వచ్చేదాకా రక్తంలో నిద్రపోయిన హాకీ, డిక్కీ కార్ పిలిస్తే లేచిందా? మైదానం ఉంది, చూసి నేర్చుకోవడానికి ఒలింపిక్ ఆటగాడు ఉన్నాడు, ఆడితే ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఉంది. ప్రతిభ, సాధన ఆయనవి. మిగిలినవి ఆ రైల్వేవి.

ఇప్పుడు ఆ రెండో ఆయన సంగతి. ఉధమ్ సింగ్. 1952, 1956, 1964 స్వర్ణాలు, 1960 రజతం. క్లాడియస్‌తో సరిసమానం. ఈయన ఆంగ్లో ఇండియన్ కాదు, పంజాబీ సిక్కు. ఊరు సంసార్‌పూర్. ఆ ఒక్క పల్లె నుంచి డజనుకి పైగా ఒలింపిక్ హాకీ ఆటగాళ్ళు వచ్చారు. ఆ ఊరి ప్రత్యేకత ఏమిటి? జలంధర్ కంటోన్మెంటు పక్కనే ఉంది. మిలటరీవాళ్ళు ఆడే మైదానం, వాళ్ళ ఆట చూసి నేర్చుకున్న పల్లె పిల్లలు. ఒకడు పైకి వస్తే వాడిని చూసి పదిమంది. బిలాస్‌పూర్ ఆంగ్లో ఇండియన్‌కీ సంసార్‌పూర్ సిక్కుకీ రక్తంలో ఏ పోలికా వెతకనక్కర్లేదు. మైదానాల్లో ఉంది పోలిక. మన తెలుగువాళ్ళలో చూడండి. 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింట్లోనూ ఆడిన ఎన్. ముకేశ్ కుమార్ ఏ ఊరివాడు? కంటోన్మెంటు, రైల్వే రెండూ ఉన్న జంటనగరాల వాడు. "మనవాళ్ళకి ఆటలు అచ్చిరావు" అనే మాటకి ఈ ఒక్క పేరు చాలు.

అసలు ఈ "ఆంగ్లో ఇండియన్ జాతి" అనేదే కాయితం మీద పుట్టిన మాట. 1911 జనాభా లెక్కల దాకా ఆ పేరు ఇక్కడ కాపురం ఉండే ఇంగ్లీషువాళ్ళది. మిశ్రమ సంతతి వాళ్ళని యురేషియన్లు అనేవారు. మన రాజ్యాంగం 366వ అధికరణం ప్రకారం తండ్రి వైపు వంశంలో యూరోపియన్ ఉంటేనే ఆంగ్లో ఇండియన్. తల్లి వైపు ఉంటే లెక్కలోకి రాదు. రక్తం తండ్రి వైపు నుంచే పారుతుందా? ఇది జీవశాస్త్రం కాదు, గుమాస్తా నిర్వచనం. మన కులం కూడా అంతేగా.

నాయకత్వం సంగతికి వద్దాం. ఆట రావడం ఒక ఎత్తు, జట్టుని నడిపే హక్కు దొరకడం ఇంకో ఎత్తు. 1928లో మొదటి ఒలింపిక్ హాకీ జట్టుకి కెప్టెన్ జైపాల్ సింగ్, ముండా ఆదివాసీ, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. జట్టులో సగానికి పైగా ఆంగ్లో ఇండియన్లు. నిర్వాహకులతో విభేదాలు వచ్చి ఆయన ఫైనల్ ఆడకుండానే జట్టుకి దూరమయ్యాడు. నెదర్లాండ్స్ మీద 3-0తో గెలిచిన ఆ ఫైనల్లో దేశం తొలి స్వర్ణం అందుకుంటుంటే కెప్టెన్ అక్కడ లేడు. క్రికెట్‌లో ఇంకా విడ్డూరం. 1932 ఇంగ్లండ్ పర్యటనకి పోర్‌బందర్ మహారాజుని కెప్టెన్ చేశారు. టెస్టు మ్యాచ్ వచ్చేసరికి ఆయన తప్పుకోబట్టి నాగపూర్ తెలుగువాడు సి.కె. నాయుడికి ఆ పని దక్కింది. నాలుగేళ్ళకే, 1936లో, మళ్ళీ పుట్టుక గెలిచింది. విజయనగరం రాచకుటుంబానికి చెందిన 'విజ్జీ' కెప్టెన్ అయ్యాడు. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్, మొత్తం 33 పరుగులు. ఆయన కింద ఆడినవాడు సి.కె. నాయుడు. బాగా ఆడే లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపేశారు. విజ్జీ మన తెలుగు నేలవాడని గర్వపడేవాళ్ళు ఈ 33 పరుగులు కూడా గుర్తుపెట్టుకోవాలి.

వీటితో పోలిస్తే క్లాడియస్ కెప్టెన్సీ శుభ్రమైనది. రాజు కాడు, దొర కాడు. మూడు ఒలింపిక్స్ ఆడి, పన్నెండేళ్ళు నిలబడి, 1960లో ఆ స్థానానికి వచ్చాడు. ఒలింపిక్స్‌కి కెప్టెన్‌గా ఎంపికైన ఆంగ్లో ఇండియన్ ఆయన ఒక్కడే. ముందూ లేడు, తరవాతా లేడు.

తరవాత ఎందుకు లేడు? ఇక్కడ రాజ్యాంగంలో ఇంకో అధికరణం చూడాలి, 336. రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా శాఖల్లో ఆంగ్లో ఇండియన్లకి పూర్వం నుంచి ఉన్న ఉద్యోగాల కోటాని రెండేళ్ళకోసారి పది శాతం చొప్పున తగ్గిస్తూ, పదేళ్ళకి పూర్తిగా ఆపెయ్యాలని అందులో రాశారు. రైల్వే, కస్టమ్స్ అన్న మాటలు గమనించండి. క్లాడియస్ మొదట ఆడింది రైల్వేకి, తరవాత చాలాకాలం ఆడింది కలకత్తా కస్టమ్స్‌కి. కోటా ఆగిపోయింది 1960 జనవరిలో, అంటే రోమ్ ఒలింపిక్స్ జరిగిన ఏడే. అప్పటికే ఎందరో ఇంగ్లండ్‌కీ ఆస్ట్రేలియాకీ వెళ్ళిపోయారు, ఇంకా వెళ్తున్నారు. జబల్‌పూర్‌లో పుట్టిన పియర్స్ అన్నదమ్ములు ఐదుగురు ఆస్ట్రేలియాకి హాకీ ఆడారు. చూశారా రక్తమే, అంటారేమో. కాదు. వాళ్ళు పట్టుకెళ్ళింది నేర్చిన ఆట, అక్కడ దొరికింది క్లబ్బు, మైదానం. ఇక్కడ మిగిలినవాళ్ళకి ఆ ఉద్యోగాలూ ఆ కాలనీలూ పోయాయి, వాటితోపాటు హాకీ కూడా పోయింది. రక్తం మారలేదు, పరిస్థితులు మారాయి. ఇంతకన్నా స్పష్టమైన ప్రయోగం ప్రయోగశాలలో కూడా చెయ్యలేం.

ఆ కోటా తీసెయ్యడం అన్యాయం అనను. అది వలస పాలకులు ఇచ్చిన వాటా, దానివల్ల నష్టపోయిన కలాసీల పిల్లల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కానీ ఒకరి చేతిలోంచి తీసిన మైదానం రెండో వాళ్ళ పిల్లలకి అందిందా అని మాత్రం అడుగుతాను.

ఇక పత్రికల సంగతి. 1960 సెప్టెంబర్ 9న రోమ్‌లో పాకిస్తాన్ 1-0తో గెలిచింది. గోలు కొట్టింది నసీర్ బుందా. 1928 నుంచి ఒలింపిక్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని దేశం ఓడింది. గమ్మత్తు ఏమిటంటే 1956 ఫైనల్ కూడా పాకిస్తాన్‌తోనే, అదీ 1-0, గెలిచింది మనం. 1964 ఫైనల్ కూడా పాకిస్తాన్‌తోనే, అదీ 1-0, గెలిచింది మనమే. మూడుసార్లూ తేడా ఒక్క గోలు. 1956 కెప్టెన్ బల్బీర్ సింగ్ సీనియర్‌కి 1957లోనే పద్మశ్రీ వచ్చింది. నాలుగు పతకాల క్లాడియస్‌కి 1971 దాకా రాలేదు. ఇది జాతి వివక్షే అని నేను ఖాయంగా చెప్పను. క్లాడియస్ రైట్ హాఫ్, గోలు కొట్టే స్థానం కాదు. వార్తలు గోళ్ళని లెక్కపెడతాయి, అడ్డుకున్న బంతుల్ని లెక్కపెట్టవు. రుజువు లేకుండా నింద వెయ్యడం మన పద్ధతి కాదు. కానీ గెలిస్తే "దేశం గెలిచింది" అనీ ఓడితే "వాడు ఓడించాడు" అనీ రాసే అలవాటు ఉన్నచోట, ఆ "వాడు" ఎవరన్నది ఎప్పుడూ ముఖ్యమే. 2021లో టోక్యో సెమీఫైనల్లో మన అమ్మాయిలు ఓడితే, వందనా కటారియా ఇంటి ముందు కొందరు బాణసంచా కాల్చి కులం పేరుతో తిట్టారు. అదే ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద ఆమె మూడు గోళ్ళు కొట్టి వారం కూడా కాలేదు. గెలుపులో కనపడని కులం ఓటమిలో కనపడింది.

పొగడ్తలో కూడా సరిచూసుకోవాల్సినవి ఉంటాయి. 2012లో లండన్‌లో ఒక రైల్వే స్టేషన్‌కి క్లాడియస్ పేరు పెట్టారని చాలాచోట్ల రాశారు. నిజానికి ఆ ఒలింపిక్స్ సందర్భంగా అచ్చువేసిన ఒక ప్రత్యేక మ్యాపులో స్టేషన్ల పేర్ల స్థానంలో క్రీడాకారుల పేర్లు వేశారు, అందులో ధ్యాన్‌చంద్, రూప్‌సింగ్, క్లాడియస్ పేర్లు ఉన్నాయి. అసలు స్టేషన్ పేరు మారలేదు. అదే ఏడాది డిసెంబర్ 20న ఆయన కలకత్తాలో పోయాడు.

జైపాల్ సింగ్ తరవాత డెబ్బై ఆరేళ్ళకి, 2004 ఏథెన్స్‌లో, సుందర్‌గఢ్ ఆదివాసీ దిలీప్ తిర్కీ ఒలింపిక్ జట్టుకి కెప్టెన్ అయ్యాడు. 2022లో ఆయనే హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. ఇప్పుడు జనం "హాకీ ఆదివాసీల రక్తంలో ఉంది" అనడం మొదలుపెట్టారు. నిన్న ఆంగ్లో ఇండియన్లు, ఇవాళ ఆదివాసీలు. ఆ మాట అనేస్తే ఇంక మిగతా పిల్లలకి మైదానం ఇవ్వక్కర్లేదు, ఆదివాసీ పిల్లలకి మంచి స్కూలు ఇవ్వక్కర్లేదు. ఒక స్కూల్లో ఆటల మాస్టారు హాకీ కర్రలు పంచుతూ, తెలుగు పిల్లలు లెక్కలు చూసుకుంటే చాలని నవ్వుతూ అనడం నేను స్వయంగా విన్నాను. అక్కడ తెలుగు తల్లిదండ్రులు కూడా ఉన్నారు. వాళ్ళూ నవ్వారు.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "మనవాళ్ళకి ఆటలు అచ్చిరావు" అంటే, మన వీధి పిల్లలకి మైదానం ఎంత దూరంలో ఉందో అడగండి.