హద్దు రాయికీ భూమి గుండ్రానికీ ఏంటి సంబంధం?



ఈ మధ్య మన ఊర్లలో ఒక కొత్త పంచాయితీ మొదలైంది. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, చేని గెనిమ మీద నిలబడి, "చూడన్నా, నీలం చుక్క నీ చేలో పడింది, అంటే నువ్వు నా భూమిలోకి వచ్చినావు" అంటున్నారు. అవతలాయన పాత ఎఫ్ఎంబీ కాగితం తెచ్చి, "రాయి ఇక్కడుంది, కొలత ఇక్కడుంది, నీ ఫోన్ సంగతి నాకెందుకు?" అంటున్నాడు. ఇద్దరూ కావాలని అబద్ధం చెప్పడం లేదు. ఫోన్ ఒక ప్రశ్నకు జవాబు చెప్తుంది, ఎఫ్ఎంబీ ఇంకో ప్రశ్నకు జవాబు చెప్తుంది. అది తెలియక అన్నదమ్ముల్లాంటి వాళ్లు మాటలు మానుకుంటున్నారు. ఈ రెండు కొలతలూ మన దగ్గర రెండు వందల ఏళ్ల కింద ఒకే కాలంలో మొదలైనాయి. ఆ కథ తెలిస్తే పంచాయితీ సగం తీరుతుంది. కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

మొదటి కొలత శిస్తు కోసం. 1800లో నిజాం మన రాయలసీమ జిల్లాలను, బళ్లారితో కలిపి, ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసినాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. కలెక్టరుగా థామస్ మన్రో వచ్చినాడు. ఎవరి దగ్గర ఎంత భూమి ఉందో తెలిస్తే కదా శిస్తు కట్టించుకునేది! అందుకని 1802లో చేను చేనూ కొలిపించడం మొదలుపెట్టినాడు. ఆ సర్వేలో వాడిన గొలుసు 33 అడుగులు. 33 అడుగుల పొడుగు, 33 అడుగుల వెడల్పు ఉన్న గళ్లు నలభై కలిస్తే ఒక ఎకరా. తెలంగాణ సోదరులు గుంట అనేది సరిగ్గా ఈ గడినే. తర్వాత కాలంలో మద్రాసు సర్వే వాళ్లు 66 అడుగుల గొలుసు వాడినారు. దాన్ని వంద లింకులు చేసినారు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా. అందులో వందో వంతు మన సెంటు, అంటే 435.6 చదరపు అడుగులు. మనం నోటితో అనే సెంటు ఆ ఇనుప గొలుసులో నుంచి వచ్చిందే.

ఇప్పుడు ఎఫ్ఎంబీని ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఈ రాయి నుంచి ఆ రాయికి ఇన్ని లింకులు, మధ్యలో వేసిన జీ లైన్ నుంచి పక్కకు ఇన్ని లింకులు అని ఉంటుంది. అంతే. ఆ రాయి భూగోళం మీద ఎక్కడుందో అందులో ఉండదు. శిస్తుకు ఆ సంగతి అక్కర్లేదు. ఒక రాయికి ఇంకో రాయి ఎంత దూరమో తెలిస్తే చాలు. ఆ కాగితం దృష్టిలో నేల బల్ల మాదిరి చదును.

రెండో కొలత కూడా అదే 1802లో, ఏప్రిల్ 10న, మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలైంది. కొలిచినాయన విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి. ఈయనకు శిస్తుతో పని లేదు. భూమి ఆకారం ఎట్లుందో తేల్చాలన్నది ఈయన పట్టుదల. దేశానికి సరైన పటం కావాలన్నా ముందు అది తేలాల్సిందే.

భూమి గుండ్రంగా ఉందని అప్పటికి ఎవరికీ అనుమానం లేదు. మన ఆర్యభటుడు 499 నాటికే భూమి గోళమనీ, తన చుట్టూ తాను తిరుగుతుందనీ రాసినాడు. తగాదా ఎక్కడంటే, అది బంతి మాదిరి సమంగా గుండ్రమా, కాదా అని. తిరిగే భూమి నడుము దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర అణిగి ఉండాలని న్యూటన్ లెక్క కట్టినాడు. ఫ్రాన్సులో కొందరు పండితులు కాదు, ధ్రువాల వైపే సాగి ఉందన్నారు. తేల్చుకోవడానికి ఫ్రెంచి వాళ్లు 1735లో ఒక బృందాన్ని భూమధ్యరేఖ దగ్గర పెరూ వైపుకు, 1736లో ఇంకో బృందాన్ని ఉత్తరాన లాప్‌లాండ్‌కు పంపినారు. ఒక డిగ్రీ అక్షాంశానికి నేల మీద ఎంత పొడుగు వస్తుందో రెండు చోట్లా కొలిచినారు. న్యూటన్ గెలిచినాడు. భూమధ్యరేఖ దగ్గర డిగ్రీ సుమారు 110.6 కిలోమీటర్లు, ధ్రువం దగ్గర 111.7. కిలోమీటరు పైచిలుకు తేడా. అయితే ఎంత అణిగిందో కచ్చితంగా చెప్పాలంటే మధ్యలో ఉన్న దేశాల్లో కూడా కొలవాలి. లాంబ్టన్ పెట్టుకున్న పని అదే.

ఎట్ల కొలిచినాడో చూడండి. ముందు చదును నేల మీద ఒక్క గీతను ప్రాణం పెట్టి కొలవాలి. దాన్ని బేస్‌లైన్ అంటారు. మద్రాసులో అది ఏడున్నర మైళ్లు. వంద అడుగుల ఉక్కు గొలుసును నేల మీద ఈడ్చలేదు. కొయ్య పెట్టెల్లో పరిచి, నీడ పట్టి, పక్కన థర్మామీటరు పెట్టి నాలుగు వందల సార్లు జరిపినారు. 57 రోజులు పట్టింది. థర్మామీటరు ఎందుకంటే, ఎండకు ఉక్కు సాగుతుంది. ఇరవై డిగ్రీల వేడి పెరిగితే వంద అడుగుల గొలుసు పావు అంగుళం పైన పెరుగుతుంది. నాలుగు వందల సార్లకు అది తొమ్మిది అడుగుల తప్పు. మన చేలల్లో కొలతలు వేసిన గొలుసుకు ఎవరు నీడ పట్టినారు? ఎవరు థర్మామీటరు పెట్టినారు? ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఆ ఒక్క గీత దొరికినాక గొలుసుతో పని తక్కువ. గీత రెండు కొసల నుంచీ దూరంగా ఉన్న కొండ మీది జెండాను థియోడలైట్‌లో చూసి కోణాలు తీస్తే, లెక్కతోనే మిగతా రెండు భుజాలు తెలుస్తాయి. ఆ భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. కొండ నుంచి కొండకు అట్ల పోతారు. లాంబ్టన్ థియోడలైట్ అర టన్ను బరువు. దాన్ని తెచ్చే ఓడను దారిలో ఫ్రెంచి వాళ్లు పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయి, తర్వాత తిరిగి ఇచ్చినారు. తంజావూరు చదును సీమ, కొండల్లేవు. అందుకని 1808లో పెద్ద గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి యంత్రం దెబ్బతినింది. ఆయనే వారాల తరబడి కూర్చుని వంకర తీసి బాగు చేసుకున్నాడు.

బడిలో త్రిభుజం మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలని చదువుకున్నాం. ఈ పెద్ద త్రిభుజాల్లో 180 కంటే కొంచెం ఎక్కువ రావాలి, ఎందుకంటే నేల వంపు తిరిగి ఉంది. సుమారు రెండు వందల చదరపు కిలోమీటర్లకు ఒక సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు ఎక్కువ. మన ఐదెకరాల చేనుకు అది లెక్కలోకే రాదు. అందుకే మన్రో మనుషులు నేల చదునే అనుకుని కొలిచినా ఇబ్బంది రాలేదు. లాంబ్టన్ మాత్రం అట్ల అనుకోవడానికి లేదు.

త్రిభుజాల దారి తప్పిందేమో చూసుకోవడానికి అక్కడక్కడా మళ్లీ బేస్‌లైన్ కొలిచేవాళ్లు. అట్లాంటి ఒక గీతను 1811లో మన గుత్తి దగ్గరే కొలిచినారు. తర్వాత 1815లో బీదర్ దగ్గర. పని మధ్యలోనే 1823 జనవరిలో మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ చనిపోయినాడు. ఆయన సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ పని అందుకున్నాడు. ఎవరెస్ట్ అంతకు ముందే 1819లో కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో కొలుస్తూ జ్వరంతో పడిపోయినాడు. వెంట ఉన్న మనుషుల్లోనూ చాలామంది పడిపోయినారు. ఎవరెస్ట్ కోలుకోవడానికి ఓడెక్కి ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు పోయినాడు. ఆయన పేరు 1865లో ప్రపంచంలో ఎత్తయిన శిఖరానికి పెట్టినారు. గొలుసులు మోసి, కొండల మీద దీపాలు పట్టుకుని నిలబడిన మన కూలోళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు.

కన్యాకుమారి నుంచి డెహ్రాడూన్ దగ్గరి కొండల దాకా, సుమారు 2,400 కిలోమీటర్ల ఆ చాపం 1841కి పూర్తయింది. అంతకు ముందే, 1830లో, ఎవరెస్ట్ తన లెక్కతో భూమి నడుము దగ్గర వ్యాసార్ధం 6,377 కిలోమీటర్ల పైన అని తేల్చినాడు. ఇప్పుడు ఉపగ్రహాలు చెప్పే లెక్క 6,378 పైన. తేడా ఒక కిలోమీటరు లోపే! గొలుసు, కోణం, నక్షత్రాలతో వచ్చిన లెక్క అది.

నక్షత్రాలు ఎందుకంటే, ఒక చోటు భూమి మీద ఎక్కడుందో నేలను చూసి చెప్పలేం, ఆకాశాన్ని చూడాలి. అక్షాంశం సంగతి మీరే చూసుకోవచ్చు. మే 2 అటూ ఇటూ గుత్తి ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండుంబావు వేళ కర్ర నిలబెడితే నీడే ఉండదు. సూర్యుడు నెత్తి మీద ఉంటాడు. అదే వేళకు హైదరాబాదులో మీటరు కర్రకు ఉత్తరం వైపు నాలుగు సెంటీమీటర్ల నీడ పడుతుంది, అంటే సుమారు రెండుంబావు డిగ్రీల కోణం. ఉత్తర దక్షిణాలుగా రెండు చోట్లకీ దూరం 250 కిలోమీటర్లు. పూర్తి చుట్టులో రెండుంబావులు 160. 160 ఇంటూ 250, నలభై వేల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత అదే! 2,200 ఏళ్ల కింద ఈజిప్టులో ఎరటోస్తనీస్ ఇదే లెక్క వేసినాడు.

రేఖాంశం అంత సులువు కాదు. దానికి గడియారం కావాలి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, డిగ్రీకి నాలుగు నిమిషాలు. మన దేశం గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల గీతది. గుత్తి దానికి దాదాపు ఐదు డిగ్రీలు పడమర, అందుకే మనకు నడిపొద్దు సగటున పన్నెండూ ఇరవై. అప్పట్లో గ్రీనిచ్‌లో టైమెంతో మద్రాసులో తెలుసుకోవాలంటే ఆకాశంలో గ్రహణాల లాంటివి చూసి లెక్క కట్టాలి. అట్ల మద్రాసు అబ్జర్వేటరీకి వేసిన రేఖాంశంలో దాదాపు రెండున్నర నిమిషాల కోణం తప్పు వచ్చింది. నేల మీద అది నాలుగు కిలోమీటర్ల పైన. దేశం పటం మొత్తం మద్రాసు మీద ఆధారపడింది కాబట్టి, అంతా నాలుగు కిలోమీటర్లు తూర్పుకు జరిగి ఉండింది. టెలిగ్రాఫ్ తీగ వచ్చి టైము సరిగ్గా తెలిసినాక గానీ ఆ తప్పు తేలలేదు.

ఇక్కడే అసలు మాట ఉంది. పటంలో దేశమంతా నాలుగు కిలోమీటర్లు పడమరకు జరిగింది. ఒక్క రైతు హద్దు రాయైనా జరిగిందా? లేదు. పక్క రాయికి దూరం మారిందా? లేదు. పటం మీద చోటు వేరు, నేల మీద హద్దు వేరు.

అట్ల రెండు వందల ఏళ్లు దాదాపు వేరుగా నడిచిన ఈ రెండు కొలతలూ ఇప్పుడు మన చేలో కలుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్ ఎగరేసి, రోవర్ పెట్టి, ప్రతి మూలకూ భూగోళం మీద చోటు రాస్తున్నారు. కలిసే చోట కీచులాట రావడం సహజం. పాత గొలుసు ఎండకు సాగి ఉండొచ్చు. పాత సర్వే పటాలు ఎవరెస్ట్ లెక్క మీద గీసినవి, ఫోన్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. ఒకే చోటుకు ఆ రెండింటి అంకెల మధ్య మన వైపు కొన్ని వందల అడుగుల తేడా వస్తుంది. మార్చి చూసుకోకుండా పోల్చితే గొడవే.

ఇక ఫోన్ సంగతి. ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. వంద మీటర్ల గెనిమ ఐదు మీటర్లు జరిగితే పన్నెండు సెంట్లు! దారి చూసుకోవడానికి ఫోన్ మంచిదే, హద్దు తేల్చడానికి పనికిరాదు. రోవర్ కొన్ని సెంటీమీటర్ల తేడాలో చెప్తుంది, కానీ దాన్ని పెట్టిన చోటుకే చెప్తుంది. తప్పు రాయి మీద పెడితే తప్పునే చాలా కచ్చితంగా రాస్తుంది.

అందుకని నేను చెప్పేది నాలుగు మాటలు. సర్వే రోజు ఎంత పనున్నా చేలో ఉండండి, పక్క రైతును కూడా పిలుచుకోండి. అంతకు ముందే ఇద్దరూ కలిసి రాళ్లు వెతికి, ముళ్లు కొట్టి, సున్నం పూయండి. మూడు ఊర్ల పొలిమేరలు కలిసే రాయి ఉంటే దాన్ని అస్సలు కదపొద్దు, మిగతావి దాని నుంచే తేలతాయి. కొత్త కాగితం వచ్చినాక విస్తీర్ణం ఒక్కటే కాదు, ప్రతి భుజం పొడుగునూ పాత ఎఫ్ఎంబీతో పోల్చండి. తేడా ఉంటే నోటితో కాదు, రాతపూర్వకంగా అడగండి.

మీ ఊరి కొండ మీదో, పాత వంతెన మీదో జీటీఎస్ అని చెక్కిన రాయి కనిపిస్తే, గుప్తనిధి గుర్తని తవ్వొద్దు. ఈ దేశాన్ని కొలిచినోళ్లు వదిలిపెట్టి పోయిన గుర్తు అది. మీ దగ్గర అట్లాంటిది ఉంటే కింద రాయండి, ఫొటో పెట్టండి. పక్క చేను ఆయనతో మాటలు ఆగిపోయి ఉంటే, ఈ పోస్టు ఆయనకూ పంపండి.