వెదికితే దొరకాలి కదా!

కొంతకాలం క్రితం ఆస్ట్రేలియా నుండి ఒక పూర్వవిద్యార్థి ఫోను చేశాడు. అతని తండ్రి మా గోదావరిఖనిలో కోల్ ఫిల్లరు. తట్టా చెమ్మసూ పట్టుకొని బ్రతుకంతా బాయిలో బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన మనిషి. ఆయన కాలం చేసినప్పుడు నేను నా బ్లాగులో ఒక నివాళి వ్రాశాను.

“సార్, మా నాయిన మీద మీరు రాసిన్రట, అమ్మ చెప్పింది. పిల్లలకు చదివి ఇనిపిద్దామని రెండు దినాల సంది ఎతుకుతున్న. దొరుకుతలేదు” అన్నాడు.

“ఏమని వెదికావు నాయనా?”

“కోల్ ఫిల్లర్ అని కొట్టిన. బొగ్గుబాయి అని కొట్టిన. యైటింక్లయిన్ కాలనీ అని గూడ కొట్టిన సార్.”

లంకె పంపించాను, అతని పని జరిగిపోయింది. కానీ నా పని అక్కడే మొదలైంది. ఆ వ్యాసాన్ని తెరచి చూసుకున్నాను. శీర్షిక ‘అంగారగర్భంలో ఒక దీపం’. లోపల ఆయన ‘శ్రామికవర్యుడు’, బొగ్గు ‘రాక్షసిబొగ్గు’, బాయి ‘భూగర్భ ఖని’, కాలనీ ‘కార్మిక నివాస సముదాయం’. తండ్రి కోసం కొడుకు వెదికిన మాటలలో ఒక్కటంటే ఒక్కటి కూడా నా వ్యాసంలో లేదు! ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పిన నాకు ఇంతకంటె సిగ్గుచేటు ఏముంటుంది? ఆ సిగ్గుతోనే అసలు తెలుగు మాట వెదికితే దొరికే స్థితికి ఎట్లా వచ్చిందో కొంత చదివాను. మిత్రులతో పంచుకొందామని ఈ టపా.

పాత గ్రంథాల చివర అకారాది పదసూచిక ఉంటుంది కదా, ఫలానా పదం ఫలానా పుటలలో ఉన్నదని. శోధనయంత్రం చేసేది మూలంలో అదే. సాలెపురుగు వంటి ఒక ప్రోగ్రాము లంకె నుండి లంకెకు ప్రాకుతూ పుటలను తెచ్చి పోస్తుంది. ప్రతి పదమూ ఏయే పుటలలో ఉన్నదో మరొక ప్రోగ్రాము పట్టిక కడుతుంది. 1998లో ఆరంభమైన గూగుల్ దీనికి ఒక తూకాన్ని జోడించింది: మంచి పుటలు ఏ పుటకు లంకె ఇస్తాయో ఆ పుటకు ఎక్కువ మర్యాద. తమ సరుకు ముందు వరుసలో కనబడాలని వ్యాపారులు తొందరపడ్డారు. పుటలో పాఠకుని కంటికి ఆనని చోట కీలకపదాలను బస్తాలకొద్దీ కుక్కారు. ఆ పట్టీని తాము లెక్కలోకి తీసుకోవడం లేదని 2009లో గూగుల్ బహిరంగంగానే చెప్పింది.

సరుకు దేశం దాటినప్పుడు చిక్కు మరింత ముదిరింది. ఒకే పుట ఇంగ్లీషులో ఒకటి, జర్మనులో ఒకటి, స్పానిషులో ఒకటి ఉంటే ఏ దేశంవానికి ఏది చూపాలి? ఏ పుట ఏ భాషవారికో, ఏ దేశంవారికో యంత్రానికి చెప్పే ‘హెచ్‌రెఫ్‌లాంగ్’ అనే గుర్తును గూగుల్ 2011లో ప్రవేశపెట్టింది. అయితే గుర్తు పెట్టినంత మాత్రాన గిరాకీ రాదు. పరభాషలోకి అంగడిని తీసుకొనిపోయేవాడు నిఘంటువు చూసి అనువదిస్తే చాలదు, అక్కడి మనిషి నోట ఏ మాట ఆడుతుందో ఆ మాటనే తన గుమ్మానికి కట్టాలి. మన దగ్గర సెల్‌ఫోను అమ్మేవాడు బోర్డు మీద ‘సంచారవాణి’ అని వ్రాసుకొని కూర్చుంటే ఈగలు తోలుకోవలసిందే. నేను చేసింది సరిగ్గా అదే.

భాషను బట్టి యంత్రమూ మారవలసి వచ్చింది. రష్యనులో నామవాచకం విభక్తిని బట్టి రూపం మారుస్తుంది. ఆ రూపాలన్నింటినీ ఒక్క మాటగా గుర్తించే పని మీద శ్రద్ధ పెట్టిన యాండెక్సు 1997లో ఆరంభమై తన దేశంలో గూగుల్‌కు దీటుగా నిలిచింది. నాకు అన్నింటికంటె నచ్చిన కథ కొరియాది. అక్కడ 1999లో నేవర్ అనే శోధనయంత్రం వచ్చింది. వెదకడానికి యంత్రం ఉన్నది గానీ, దొరకడానికి కొరియా భాషలో జాలం మీద సరిపడినంత వ్రాత లేదు. అందుకని వారు 2002లో ప్రజలే ప్రశ్నలడిగి ప్రజలే జవాబులు వ్రాసే ఒక వేదికను తెరిచారు. ఆ జవాబులే నేవర్‌కు పెద్ద సంపద అయ్యాయి. బావి త్రవ్వినంత మాత్రాన చాలదు, ఊట ఉండాలి కదా!

మరి మన తెలుగు సంగతి? మనకు ఊట లేకపోలేదు. కానీ మన నీళ్ళు చాలాకాలం యంత్రానికి నీళ్ళలాగా కనబడలేదు.

1990లలో అమెరికాలోని తెలుగువారు రోమను లిపిలోనే తెలుగు వ్రాసుకొనేవారు. హ్యూస్టనులోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు అందుకొక పద్ధతి ఏర్పరచారు. ఆర్టీయస్ అన్నది అదే. అందులో చిన్నబడి అక్షరం పెడితే ‘న’, పెద్దబడి అక్షరం పెడితే ‘ణ’. మనిషి చదువుకోవడానికి చక్కని ఏర్పాటు. కానీ చిన్నబడికీ పెద్దబడికీ భేదం పాటించని శోధనయంత్రానికి సింగరేణిలోని ‘ణ’ ఎప్పుడో ‘న’ అయిపోయింది.

తరువాత పత్రికలు జాలం మీదికి వచ్చాయి. ఈనాడు, వార్త వంటి పత్రికలకు ఎవరి ఖతి వారిది. ఆ ఖతులలో జరిగే తంత్రం ఏమిటంటే, ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీద తెలుగు అక్షరాల ముక్కలను, తలకట్లను, కొమ్ములను బొమ్మలుగా అతికించడం. ఖతి ఉన్న కంప్యూటరులో కమ్మని తెలుగు కనబడుతుంది. లేని కంప్యూటరులో నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న విదేశీ అక్షరాల గలీబిలి కనబడుతుంది. శోధనయంత్రానికి కన్ను లేదు, అది చదివేది సంఖ్యలనే. కాబట్టి దానికి కనబడినది ఎప్పుడూ ఆ గలీబిలియే. పైగా ఒక పత్రికలోని ‘సింగరేణి’ మరొక పత్రికలోని ‘సింగరేణి’తో సంఖ్యలలో కలవదు. లక్షలమంది చదివే వార్తలు అచ్చయ్యాయి, కానీ వెదికేవానికి అవి లేనట్లే.

మందు అప్పటికే తయారై ఉండడం విచిత్రం. భారతీయ లిపులన్నింటికీ ఒక ప్రమాణంగా ఇస్కీ 1991లో భారత ప్రమాణాల సంస్థ ముద్ర పొందింది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడు మొదటి సంచికలోనే తెలుగుకు 128 గదులు కేటాయించబడ్డాయి. ‘క’కు ప్రపంచమంతటా ఒకటే సంఖ్య, అది ఎవరి సొత్తూ కాదు. కానీ గదులు కేటాయించినంత మాత్రాన కాపురం మొదలవుతుందా? 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఖతులను తయారుచేసి ఉచితంగా అందించారు. 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియా పుట్టింది. పత్రికల సొంత ఖతుల వ్రాతను యూనికోడులోకి మార్చి చూపే ‘పద్మ’ కూడా ఆయన చేతి పనే. వీవెన్ గారి లేఖినిలో ఆర్టీయస్ పద్ధతిలో కొడితే ఎదుటి పెట్టెలో తెలుగు ప్రత్యక్షమయ్యేది. అట్లా వ్రాసినవన్నీ కూడలిలో ఒకచోట కనబడేవి. 1998లోనే ఆరంభమైన ‘ఈమాట’ పత్రిక కూడా తరువాత యూనికోడుకు మారింది.

ఆ రోజులు మీలో చాలామందికి జ్ఞాపకమే. మనం చేసుకొంటున్నది కాలక్షేపమని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు, మనమూ అనుకున్నాం. నిజానికి కొరియావారు ఒక సంస్థగా పూనుకొని చేసిన పనిని మన దగ్గర జీతం లేని మనుషులు రాత్రిళ్ళు కూర్చొని చేశారు. తెలుగులో వెదికితే ఏదో ఒకటి దొరికే స్థితి అట్లా వచ్చింది.

వ్యాపారం చాలా ఆలస్యంగా వచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. గూగుల్ అనువాద సేవలోకి తెలుగు వచ్చింది ఆ 2011లోనే. తెలుగు పుటల మీద గూగుల్ ప్రకటనలకు ఆమోదం వచ్చింది 2018లో. ఆ నడుమ తెలుగులో వ్రాసినవారికి ఆ ద్వారం గుండా దమ్మిడీ ఆదాయం వచ్చే మార్గం లేదు. వ్రాత ముందు వచ్చింది, అంగడి దాని వెనుక వచ్చింది. ఇతర దేశాలలో వ్యాపారి భాషను వెదుక్కుంటూ వెళ్తే, మన దగ్గర భాషే ముందు నడిచి వ్యాపారికి దారి చూపింది.

ఇంకా రెండు చిక్కులు మిగిలాయి. మొదటిది మన భాషా స్వభావం. సింగరేణి, సింగరేణిలో, సింగరేణికి, సింగరేణోళ్ళు; బొగ్గుబాయి, బొగ్గు బాయి, బాయికాడ. ప్రత్యయాలు అతుక్కుంటాయి, సంధులు కలుస్తాయి, ఎడం ఇచ్చేవారు ఇస్తారు, ఇవ్వనివారు ఇవ్వరు. మనిషికి ఇవన్నీ ఒకటే, యంత్రానికి నేర్పితే తప్ప తెలియదు. రెండవది, తెలుగు తెలిసినవారు కూడా వెదికేటప్పుడు రోమను లిపిలోనే కొట్టడం. రోమనులో కొట్టినా తెలుగు పుటలు చూపే ఏర్పాటును గూగుల్ 2020 డిసెంబరులో ప్రకటించింది. ఈనాటి యంత్రాలు మాటను దాటి భావాన్ని కూడా కొంత పోల్చుకొంటున్నాయి. అయినా ఊరి పేరుకు పర్యాయపదం ఉండదు. అది వ్రాసి ఉంటే దొరుకుతుంది, లేకపోతే లేదు.

యైటింక్లయిన్ కాలనీనే చూడండి. ఎనిమిదవ నంబరు ఇంక్లైను పక్కన వెలసిన కాలనీ అది. ఇంగ్లీషు అంకె జనం నోట పడి ‘యైటు’ అయింది, పత్రికలలో అట్లాగే స్థిరపడింది. కొందరు ‘8 ఇంక్లైన్ కాలనీ’ అని వ్రాస్తారు. రోమనులో ఎవరికి తోచినట్లు వారు. ఇది అపభ్రంశమని నేను ఎన్నోసార్లు విద్యార్థులను దిద్దాను. ఆ అపభ్రంశమే ఆ బిడ్డకు తన తండ్రి చిరునామా అని ఇప్పుడు తెలిసింది.

పేరు వ్రాతలో నిలవడం అంటే ఏమిటో మా బొగ్గు చరిత్రే చెబుతుంది. 1871లో భూవిజ్ఞాన సర్వేకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కు పొందింది. 1920 డిసెంబరు 23న కంపెనీ ‘సింగరేణి కాలరీస్’ పేరుతో నమోదైంది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలను కొని దానిని సర్కారు కంపెనీ చేసింది. సింగరేణి అన్నది ఖమ్మం జిల్లాలోని ఒక ఊరు. కాగితం మీదికి ఎక్కడం వలన ఆ పేరు గోదావరి ఒడ్డున మా దాకా వచ్చి, ఆ ఊరు ఎన్నడూ చూడనివారికి కూడా ఇంటిపేరంత దగ్గరైంది. మరోప్రక్క ఓపెన్‌కాస్టుల క్రింద ఖాళీ అయిన పల్లెలు ఉన్నాయి. మట్టి దిబ్బల క్రింద వాటి గుడి లేదు, బడి లేదు. వాటి పేర్లు ముసలివాళ్ళ నోళ్ళలో ఉన్నాయి. ఆ నోళ్ళు మూతబడిన తరువాత ఏ యంత్రం మాత్రం ఎక్కడని వెదుకుతుంది?

ఆ నివాళిని తిరగ వ్రాశాను. ‘అంగారగర్భం’ పోయి ‘ఎనిమిదో ఇంక్లైన్ కోల్ ఫిల్లర్’ శీర్షిక అయింది. మొదటి పేరాలోనే గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, 8 ఇంక్లైన్ కాలనీ అని అన్ని రూపాలూ వచ్చేటట్లు చూశాను. తట్ట తట్టగానే, చెమ్మస్ చెమ్మస్‌గానే, మస్టరు మస్టరుగానే ఉంచాను. ఆయనను బాయికాడ అందరూ ఏమని పిలిచేవారో ఇల్లాలిని అడిగి, ఆమె అనుమతితో ఆ పేరు కూడా వ్రాశాను. ‘శ్రామికవర్యుడు’ అన్న మాటను కొట్టివేసేటప్పుడు మాత్రం చేయి ఒక్క క్షణం ఆగింది, అబద్ధమెందుకు!

కొన్ని వారాలకు ఆ వ్యాసం క్రింద ఒక వ్యాఖ్య వచ్చింది. వ్రాసినది మా శిష్యుడు కాదు, నేనెరుగని మనిషి. తమ నాయన కూడా అదే బాయిలో అదే షిఫ్టులో పనిచేశాడట. ఆ కాలనీ పేరు కొట్టి చూస్తే ఇది కనబడిందట. “ఈయన మా ఇంటికి వచ్చేవాడు సార్” అని వ్రాశాడు.

కాబట్టి మిత్రులారా, మీ ఊరి గురించి వ్రాసేటప్పుడు ఆ ఊరివాళ్ళు పిలిచే పేరును కూడా దయచేసి వ్రాయండి. పని గురించి వ్రాస్తే ఆ పనివాళ్ళ మాటను వ్రాయండి. అందమైన మాట కావాలంటే రెండవ పేరాలో పెట్టుకోవచ్చు.