పొక్కాలి నారుకు గుట్టలే రక్ష

ఉప్పు వరికి అన్ని దశల్లోనూ ఒకేలా చేటు చేయదు. మొలకెత్తే గింజ దాన్ని చాలావరకు ఓర్చుకుంటుంది, పిలకలు తొడిగే మొక్కా అంతే. ప్రాణం మీదికొచ్చేది లేత నారుకు, మళ్లీ పూత వేళ. సోడియం వేళ్లు దాటి పైకెక్కితే ముందు ముదురాకుల కొసలు తెల్లబడి చుట్టుకుంటాయి, తర్వాత నారంతా మాడిపోతుంది. కేరళలో ఎర్నాకుళం, త్రిశూర్, అలప్పుళ తీరాల ఉప్పునీటి పల్లాల్లో పండే పొక్కాలి వరి చరిత్రను ఈ బలహీనత నుంచే చదవాలి. దాన్ని ఉప్పును గెలిచిన విత్తనమని పొగడడం అలవాటైపోయింది. ఆ పొగడ్తలో రైతు కనిపించడు.

అక్కడ వరి తర్వాత అవే పొలాల్లో రొయ్యలు పెంచుతారు. ఏప్రిల్ మధ్యలో ఆ రొయ్యల కాలం ముగియగానే పాటు వేళ తూములు తెరిచి నీరు తీసేస్తారు. మట్టిని అర మీటరు ఎత్తున గుట్టలుగా పోసి ఎండనిస్తారు. జూన్ వానలకు గుట్టల్లోని ఉప్పు కరిగి కిందికి దిగిపోతుంది. అప్పుడు మండె కట్టిన విత్తనాన్ని వాటి నెత్తిన చల్లుతారు. నెల దాటి నారు మోకాలెత్తుకు చేరాకే గుట్టను పారతో ముక్కలు చేసి, మొక్కలతో సహా పొలమంతా పరుస్తారు. అంటే గుట్టే నారుమడి. ఉప్పు కాటేసే వయసంతా నారు పల్లంలో కాక, వాన కడిగిన మట్టిమీద గడుస్తుంది. పూత వేళ కూడా వానాకాలపు మంచినీటిలోనే పడుతుంది.

అయితే ఘనత విత్తనానిదే కదా, ఒకటో క్రోమోజోములోని సాల్టాల్ అనే భాగాన్ని శాస్త్రవేత్తలు పొక్కాలి నుంచే గుర్తించారు కదా అనవచ్చు. నిజమే. ఆ భాగం ఉన్న నారు ఆకుల్లో సోడియాన్ని తగ్గించి పొటాషియాన్ని నిలుపుకుంటుంది. కానీ దాని మేలు ఎక్కువగా నారు దశకే. పూతకు వేరే రక్షణ కావాలి, దాన్ని ఇచ్చింది రైతు ఎంచుకున్న అదను. పైగా ఇంత ఓర్పున్న వంగడానికి కూడా వాళ్లు గుట్టలు మానలేదంటే, జన్యువు ఒక్కటే చాలదని పొలమే తేల్చినట్టు.

కూలి గిట్టదు, రొయ్యలే లాభం అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నడుము లోతు బురదలో కోత ఎంత కష్టమో తెలిసినవారెవరూ దీన్ని కొట్టిపారేయలేరు. కానీ ఇక్కడ రొయ్యకు మేత వరి నుంచే వచ్చేది: కంకులు మాత్రమే కోసి వదిలేసిన గడ్డి నీటిలో కుళ్లి దాన్ని పోషించేది. ‘ఒక వరి, ఒక చేప’ అన్న కేరళ విధానం ఈ పొత్తును కాపాడడానికే. రొయ్యల కోసం ఏడాది పొడవునా ఉప్పునీరు నిలిపితే జూన్ వానకు కడగడానికి గుట్టలే ఉండవు, ఎంత మేలైన విత్తనమైనా చల్లడానికి చోటుండదు.