నిద్రలో ఎత్తుకుపోయిన బిడ్డలు

మన ఇంటి చరిత్ర అంటే తాత బర్గూరులో గుడ్డల అంగడి ఎప్పుడు పెట్టినాడు అని రాసుకుంటాము. ఏ బిడ్డ ఎవరి వొడిలో పెరిగిందో రాసుకోము.

మా నాయన పుట్టినప్పుడు బర్గూరు సేలం జిల్లా. ధర్మపురి జిల్లా 1965లో, కృష్ణగిరి జిల్లా 2004లో వచ్చినాయి. తాత మూట కట్టుకుని సంతలు తిరిగేవాడు. నాయన పల్లెలో ముసలవ్వ దగ్గరే పెరిగినాడు. బడి వయసు రాగానే, మేలుకునుంటే ఏడుస్తాడని, రాత్రి నిద్రలోనే ఎత్తుకొచ్చేసినారంట. వారానికి ఏడుపు ఆగింది. "బంగారం లాంటి బిడ్డ, అలవాటు పడిపోయినాడు" అన్నారు.

అదే కాలంలో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ల పాపను సినిమా తీసి 1952లో చూపించినాడు. బిడ్డ నోరు మూసుకుంటే కుదురుకున్నట్టు కాదు, ఆశ వదులుకున్నట్టు అని ఆయన, జాన్ బౌల్బీ వాదించినారు. బౌల్బీని చిన్నప్పుడు పెంచిన ఆయా, ఆయనకు నాలుగేళ్లప్పుడు ఇల్లు విడిచిపోయింది.

అవ్వల పెంపకం తప్పని నేననను. బిడ్డ ఒకరికంటే ఎక్కువ మందికి అల్లుకోగలదు. యుగాండా పల్లెల్లో తల్లీబిడ్డలను చూసిన మేరీ ఐన్స్‌వర్త్ కూడా అదే గమనించింది. దెబ్బ పడేది చెప్పకుండా తెంపినప్పుడు.

నాయన హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోయేవాడు. నన్ను బర్గూరులో అవ్వ దగ్గర పెట్టి, అయిదేళ్లకు, అదే మాదిరి, రాత్రి బస్సులో తీసుకుపోయినాడు. దూరం డెబ్బై కిలోమీటర్లు కూడా లేదు, ఆదివారం చూసి రావచ్చు! చూపిస్తే మళ్లీ ఏడుస్తానని చూపించలేదు. చాలా ఏళ్లు ఎవరైనా చెప్పులు తొడుక్కుంటే నాకు కడుపులో తిప్పేది.

ఇంత తెలిసీ, పోయినేడు నేను నా కూతుర్ని అవ్వ దగ్గర వదిలి, అది టీవీ చూస్తుండగా వెనక వాకిలి నుంచి జారుకున్నాను. ఆ తర్వాత నెల రోజులు అది రాత్రుళ్లు లేచి వాకిలి దగ్గర కూర్చునేది.

తమ చిన్నప్పటి నొప్పిని దాచకుండా, తడబడకుండా చెప్పుకోగలిగిన తల్లిదండ్రుల బిడ్డలు ఎక్కువగా నిబ్బరంగా ఉంటారని మేరీ మెయిన్ బృందం 1985లో రాసింది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తిందే లేదు.

సంక్రాంతికి నాయన్ను అడిగినాను. చాలాసేపు పలకలేదు. తర్వాత, "పొద్దున లేస్తే వేరే దూలం కనిపించింది రా" అన్నాడు. నా కూతురు పక్కనే ఉంది. "అప్పుడు నువ్వు ఏడ్చినావా తాతా?" అంది.

"ఊఁ. ఏడ్చినానమ్మా."