ఏటి బంగారము, ఏటి చేప

కంసాలి వీధి దుమ్మును పళ్ళెములో పోసి, నీట జలగడిగి, రవ్వంత బంగారము తీయువారిని మన పెద్దలు చూచియే యుందురు. మన్ను తేలిక, బంగారము బరువు. మన్ను నీటివెంట పోవును. బంగారము అడుగున నిలుచును. ఎంత బంగారము దొరకినదని అందఱును అడుగుదురు. కొట్టుకొనిపోయిన మన్ను ఎక్కడికి చేరినదని అడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్నకు అమెరికా దేశమున సమాధానము వెదకిన విధమును నేడు మనవి చేసెదను.

1848 జనవరి 24వ తేదీన కాలిఫోర్నియాలో కోలోమా అనుచోట, కలప కోయు మిల్లు కట్టించుచున్న జేమ్స్ మార్షల్ నీటికాలువలో బంగారపు రవలను చూచెను. మరుసటి యేడు మొదలు వేలకొలది జనులు పళ్ళెములు చేతబట్టి వచ్చిరి. ఏటి యిసుకలోని బంగారము కొలదికాలములోనే తఱిగెను. అంతట 1853 మొదలుకొని, నీటిని గొట్టములగుండ మహావేగముతో చిమ్మి కొండచరియలనే కరగించు పద్ధతి పుట్టెను. ఆ మట్టియు గులకరాలును యూబా, ఫెదర్, సాక్రమెంటో నదులలో చేరి, వాని యడుగును మెరక చేసెను. 1875లో మేరీస్‌విల్ పట్టణము వరదలో మునిగెను. పొలములపై బురద మేటవేసెను.

దిగువవారు వ్యాజ్యమాడిరి. గని మట్టిని నదులలో విడువరాదని న్యాయాధిపతి లోరెంజో సాయర్ 1884 జనవరి 7న తీర్పు చెప్పెను. అది గొప్ప తీర్పు. కాని వ్యాజ్యము పొలములకును ఊళ్లకును కలిగిన హానిని గూర్చినది. చేపల కొఱకు వేసినది కాదు.

చేపకు కలుగు హాని యేమి? గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు పులస సముద్రమునుండి ఎదురీది వచ్చుట మన మెఱిగినదే. ఆ దేశపు సాల్మన్ చేపయు సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు తాను పుట్టిన యేటికే తిరిగి వచ్చును. ఆడుచేప తోకతో గులకరాలలో గుంట చేసి, గ్రుడ్లు పెట్టి, మరల రాలతో కప్పును. రాల సందులలో చల్లని నీరు పారుచున్నంతవఱకే గ్రుడ్లకు ప్రాణవాయువు అందును. సన్నని బురద ఆ సందులను పూడ్చినచో గ్రుడ్లు చచ్చును. పళ్ళెముతో వచ్చిన బీదవాడైనను, వేళగాని వేళ ఆ రాలను కదపినచో హాని తప్పదు.

కాలిఫోర్నియాకు ఉత్తరముగా, ఆరిగాన్‌కు ఆవల, వాషింగ్టన్ రాష్ట్రము కలదు. ఏటి గర్భమున పని చేయదలచినవారు చేపలశాఖ అనుమతి పొందవలెనని అచట 1943లో శాసనము చేసిరి. తరువాత, చిన్నగా బంగారము కడుగుకొనువారి కొఱకు ‘బంగారము, చేపలు’ అను పేర చిన్నపుస్తకము అచ్చువేసి, అందలి నియమములనే అనుమతిగా ఏర్పఱచిరి. పుస్తకమును పనిచోటనే ఉంచుకొనవలెను. గట్టును త్రవ్వరాదు. ఒడ్డున నాటుకొనియున్న చెట్లను చెఱుపరాదు. గ్రుడ్లుగాని చేపలుగాని కనబడినచో ఆ చోటు విడువవలెను. త్రవ్విన గుంటను పూడ్చిపోవలెను. ఏ యేట ఏ కాలమున పని చేయవచ్చునో పట్టికలో చూచుకొనవలెను.

ఏటి యడుగును పీల్చు చిన్న యంత్రములను కాలిఫోర్నియా 2009లో నిలిపివేసెను. సాల్మన్‌కు ముఖ్యమైన ఏళ్లలో యంత్రముతో బంగారము తీయుటను వాషింగ్టన్ 2020లో నిషేధించెను. చేతిపళ్ళెమునకు మాత్రము చోటు మిగిలెను. కొండలు కరగించినవారు లాభము మూటగట్టుకొని పోయిరి, కట్టుబాటు మాకు మిగిలినదా యని చిన్నవారు అడిగినచో తప్పుపట్టలేము. అయినను బురద ఎవరు రేపినదో గ్రుడ్డునకు తెలియదు.

ఒక చెఱువు క్రింద నీరు పంచుకొనువారికి దిగువవాని హక్కును గూర్చి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆ దిగువవారిలో నోరులేని చేపయు నొకటియని ఈ చరిత్ర చెప్పుచున్నది. మన యేటిలో ఎవరైనను త్రవ్వకమునకు పూనుకొన్నప్పుడు, లాభమెంతయని అడుగుటకు ముందే, మన్ను ఎక్కడికి పోవునని అడుగుట గ్రామపెద్దలకు తగిన పని.